డొమినికన్ రిపబ్లిక్‌లో విదేశీ మహిళ: డబ్బుతో వస్తే ఒక దారి, పనికోసం వస్తే ఇంకో దారి

కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిని రెండు దేశాలు పంచుకున్నాయి. పడమట హైతీ, తూర్పున డొమినికన్ రిపబ్లిక్. రెండింటి మధ్య సరిహద్దు నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. తూర్పు వైపు దేశంలో 2022 జనాభా లెక్కల ప్రకారం కోటీ ఏడున్నర లక్షల మంది ఉన్నారు. మరుసటి ఏడాది, 2023లో, ఆ దేశానికి వచ్చిన సందర్శకులు కూడా కోటి దాటారు. అంతమందికి వండిపెట్టడానికి, పక్కలు సర్దడానికి, బీచిలో జుట్టు అల్లడానికి, గదులు అద్దెకివ్వడానికి ఎవరో ఒకరు ఉండాలి. వారిలో విదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామందే. ఫ్రాన్స్, ఇటలీ, కెనడా నుంచి వచ్చి అతిథిగృహాలు నడిపేవారున్నారు. వెనిజులా నుంచి వచ్చి బ్యూటీ పార్లర్లలో పనిచేసేవారున్నారు. అందరికన్నా ఎక్కువమంది పక్కనున్న హైతీ నుంచి వచ్చినవారే.

విదేశీ మహిళ అక్కడ పని చేసుకోవచ్చా, వ్యాపారం పెట్టుకోవచ్చా అని అడిగితే సూటిగా ఒక జవాబు చెప్పడం కష్టం. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టడానికి లేదు. ఆమె ఏ దేశం నుంచి వచ్చింది, ఎంత డబ్బుతో వచ్చింది, చూడటానికి ఎలా ఉంటుంది అన్నదాన్ని బట్టి అదే చట్టం ఒకరికి ఎర్ర తివాచీ అవుతుంది, ఇంకొకరికి ముళ్ళకంచె అవుతుంది. ఈ తేడా పొరపాటున ఏర్పడింది కాదని నా నమ్మకం. ఆ దేశపు ఇళ్ళకూ బజార్లకూ హైతీ ఆడవాళ్ళ శ్రమ కావాలి, అదీ చవకగా కావాలి. చేతిలో కాగితం లేని మనిషి చవకగా దొరుకుతుంది. ఈ సంగతిని మధ్యలో పెట్టుకుని చూస్తే మిగతా చిక్కుముడులు ఒక్కొక్కటే విడిపోతాయి.

పెట్టుబడితో వచ్చినవారి దారి

ముందు సులువైన దారి చూద్దాం. ఒక కెనడా మహిళ ఉత్తర తీరంలో ఎనిమిది గదుల అతిథిగృహం పెట్టాలనుకుందని అనుకుందాం. 1995 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం, 16-95, విదేశీ పెట్టుబడిని స్వదేశీ పెట్టుబడితో సమానంగా చూస్తుంది. సంపాదించిన లాభాన్నీ, అసలునూ ఆమె తన దేశానికి పంపుకోవచ్చు. భూమి కొనడానికి విదేశీయులకు విడిగా అనుమతి అక్కర్లేదు. 2008లో వచ్చిన కంపెనీల చట్టం 479-08 కింద పరిమిత బాధ్యత సంస్థ పెట్టాలంటే ఇద్దరు భాగస్వాములు, లక్ష పెసోల మూలధనం ఉంటే చాలు. లక్ష పెసోలంటే రెండు వేల అమెరికన్ డాలర్లకు లోపే. భాగస్వామి లేకపోతే ఒంటరిగానే ఇంకో రకం సంస్థ పెట్టుకోవచ్చు. సంస్థ పేరు నమోదు చేయించి, వాణిజ్య మండలిలో రిజిస్ట్రేషన్ పత్రం తీసుకుని, పన్నుల శాఖ నుంచి పన్నుదారు సంఖ్య తెచ్చుకుంటే పని పూర్తయినట్టే. దీనికంతటికీ పాస్‌పోర్టు సరిపోతుంది. నివాస అనుమతి వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు.

నివాస అనుమతికి కూడా దగ్గరి దారులున్నాయి. 2007 నాటి 171-07 చట్టం కింద నెలకు 1,500 డాలర్ల పింఛను వచ్చేవారికీ, 2,000 డాలర్ల స్థిరాదాయం ఉన్నవారికీ ప్రత్యేక సౌకర్యాలు కల్పించారు. రెండు లక్షల డాలర్ల పెట్టుబడి చూపించగలిగితే అనుమతి ఇంకా తొందరగా వస్తుంది. పర్యాటక ప్రాజెక్టుగా ప్రభుత్వం ఆమోదం దొరికితే 158-01 చట్టం కింద పదిహేనేళ్ళ దాకా పన్ను మినహాయింపులు పొందవచ్చు.

ఈ చట్టాల ఫలితం తీరప్రాంతంలో కళ్ళకు కడుతుంది. సమనా ద్వీపకల్పంలోని లాస్ తెర్రేనాస్ ఒకప్పుడు జాలరుల పల్లె. ఇప్పుడు అక్కడ ఫ్రెంచి బేకరీలు, ఇటాలియన్ భోజనశాలలు ఉన్నాయి. కబరేతేలో గాలి బలంగా వీస్తుంది కాబట్టి గాలిపటాల సాయంతో అలల మీద సాగే ఆట నేర్పే బడులు వెలిశాయి. వాటి చుట్టూ యోగా కేంద్రాలు, చిన్న హోటళ్ళు పెరిగాయి. విదేశాల నుంచి వచ్చి స్థిరపడిన ఆడవాళ్ళు నడిపేవి వీటిలో ఉన్నాయి.

వాళ్ళకు కష్టాలు లేవని అనడం లేదు. కరెంటు కోతలు, స్పానిష్‌లో సాగే నోటరీ వ్యవహారాలు, ఉద్యోగిని తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారం, డిసెంబరులో తప్పక చెల్లించాల్సిన పదమూడో నెల జీతం ఇవన్నీ కొత్తగా వచ్చినవారిని తికమక పెడతాయి. యజమానురాలే అయినా పర్యాటకురాలిగా వచ్చి, నివాస అనుమతి లేకుండా తన హోటల్లోనే కౌంటర్ దగ్గర కూర్చుని పని చేస్తే, కచ్చితంగా చూస్తే అది అనుమతి లేని పనే. అయినా దానికోసం ఆమె తలుపు తట్టేవారు అరుదు. గడువు దాటి ఉండిపోయిన పర్యాటకురాలు దేశం వదిలేటప్పుడు విమానాశ్రయంలో, ఎన్నాళ్ళు ఎక్కువ ఉందో లెక్కగట్టి రుసుము కట్టి వెళ్ళిపోతుంది. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అదే తప్పు హైతీ మహిళ చేస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

వందలో ఎనభై

జీతానికి పనిచేయాలంటే నిబంధన వేరు. 1992 నాటి కార్మిక స్మృతి 135వ అధికరణం ప్రకారం ఏ సంస్థలోనైనా ఉద్యోగుల్లో కనీసం 80 శాతం డొమినికన్ పౌరులే ఉండాలి. తర్వాతి అధికరణం జీతాల మొత్తానికీ అలాంటి లెక్కే పెట్టింది. మినహాయింపుల జాబితా చూస్తే ఈ చట్టం ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో తెలుస్తుంది. యాజమాన్య, నిర్వహణ బాధ్యతల్లో ఉండే విదేశీయులకు ఈ పరిమితి వర్తించదు. దేశంలో దొరకని సాంకేతిక నైపుణ్యం ఉన్నవారికీ వర్తించదు. డొమినికన్ పౌరుణ్ణి పెళ్ళాడి రెండేళ్ళు దాటి, మూడేళ్ళకు పైగా ఎడతెగకుండా అక్కడే నివసించిన మహిళకూ, డొమినికన్ పిల్లల తల్లి అయి ఐదేళ్ళకు పైగా నివసించిన మహిళకూ సడలింపు ఉంది.

చెరకు తోటల్లో, భవన నిర్మాణంలో ఈ 80 శాతం నియమాన్ని దశాబ్దాలుగా బాహాటంగా మీరుతున్నారు. ఆ రెండూ ప్రధానంగా మగవాళ్ళ పనులు. ఆడవాళ్ళు చేసే పనులకైతే ఈ లెక్క అసలు అందదు. ఒక ఇంట్లో ఒక్క పనిమనిషి ఉంటే ఆమెలో ఎనభై శాతం ఎలా లెక్కపెడతారు? వీధిలో మామిడిపళ్ళు అమ్ముకునే ఆమెకు సంస్థే లేదు. అందువల్ల హైతీ మహిళ శ్రమలో ఎక్కువ భాగం, పౌరులకు పని కాపాడాలన్న చట్టానికీ కనబడదు, కార్మికులను కాపాడాలన్న చట్టానికీ కనబడదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1952 నుంచి 1986 దాకా రెండు ప్రభుత్వాలూ ఒప్పందాలు రాసుకుని, తలకింత అని లెక్కగట్టి హైతీ కూలీలను చెరకు కోతకు తెచ్చాయి. ఆ ఒప్పందాల్లో మనిషంటే కత్తి పట్టి చెరకు నరికే మగవాడే. వెంట వచ్చిన ఆడవాళ్ళు, విడిగా సరిహద్దు దాటి వచ్చిన ఆడవాళ్ళు ఏ పట్టీలోనూ ఎక్కలేదు. బతేయ్ అని పిలిచే కూలీల వాడల్లో వాళ్ళు వండారు, బట్టలుతికారు, చెరకు నాటారు, చిల్లర సరుకు అమ్మారు. గది మాత్రం భర్త పేరు మీద ఉండేది.

అలాంటి బతేయ్‌లోనే 1963లో హైతీ తల్లిదండ్రులకు పుట్టిన సోనియా పియెర్ పదమూడేళ్ళ వయసులో కూలీల ఊరేగింపు నడిపి అరెస్టయింది. తర్వాత ఆమె డొమినికన్, హైతీ మూలాలున్న మహిళల కోసం ముదా అనే సంస్థను స్థాపించి 2011లో కన్నుమూసేదాకా నడిపింది. 2006లో రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ మానవ హక్కుల పురస్కారం అందుకుంది. పుట్టిన గడ్డ మీదే ఆమెను పరాయి మనిషిగా చూసినవాళ్ళు ఉన్నారు. ఆ బాధను ఆమె మోసిన తీరు తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

దహబోన్ సంత

సోమవారం, శుక్రవారం పొద్దున ఉత్తర సరిహద్దు పట్టణం దహబోన్ దగ్గర వంతెన గేటు తీస్తారు. ఆవల హైతీ పట్టణం వనామెంత్. కింద మసాక్రే నది. గేటు తీయగానే ముందు పరుగెత్తేది ఆడవాళ్ళే. నెత్తిమీద పాత బట్టల మూటలు, వెల్లుల్లి సంచులు, పరిమళ ద్రవ్యాల డబ్బాలు. వెంట చక్రాల బండి తోసే కుర్రవాడు, అతనికివ్వాల్సిన కూలి మీద సాగుతున్న బేరం. ఐరోపా సంఘం డబ్బుతో కట్టిన పెద్ద మార్కెట్ భవనంలో స్థలం దొరికినవారు అందులో, దొరకనివారు వీధి పొడవునా నేల మీద ప్లాస్టిక్ పట్టాలు పరుస్తారు. అమెరికాలో జనం వాడి పారేసిన బట్టలు బేళ్ళుగా హైతీకి వస్తాయి. వాటిని పెపె అంటారు. బేలు విప్పి ఒక్కో చొక్కా దులిపి, చినుగు ఉంటే పక్కకు పెట్టి, మిగతావి కుప్ప పోస్తారు. మధ్యాహ్నం దాటేసరికి వచ్చిన పెసోలతోనే గుడ్లు, అరటికాయలు, పిండి, పాస్తా, సలామీ కొని తిరుగు ప్రయాణం కడతారు. ముప్పయ్యేసి గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడుతో బిగించి, నెత్తిన పెట్టుకుని ఒక్కటి కూడా పగలకుండా వంతెన దాటే ఆ నడకకు ఎంతో నేర్పు కావాలి.

వీళ్ళను హైతీలో మదాన్ సారాలు అంటారు. పల్లె పంటను పట్టణానికీ, సరిహద్దు సరుకును రాజధానికీ చేర్చేది వీళ్ళే. బ్యాంకు వీళ్ళ మొహం చూడదు. పెట్టుబడి కోసం పదిమంది కలిసి సోల్ వేసుకుంటారు, అది మన చీటీల వంటిదే. వారం వారం అందరూ సొమ్ము వేస్తారు, వంతు వచ్చినవారు మొత్తం తీసుకుంటారు. ఆ సొమ్ముతో కొన్న మూట సరిహద్దులో చిక్కుకుపోతే నష్టం ఒక్కరితో ఆగదు, మిగతా తొమ్మిదిమంది వంతులూ కదిలిపోతాయి.

చట్టం వీళ్ళను ఏమంటుంది? 2004లో వచ్చిన వలసల చట్టం 285-04లో, చిన్న వ్యాపారం కోసం వచ్చి ఏ రోజుకా రోజు తిరిగి వెళ్ళిపోయే సరిహద్దు నివాసులకు ఒక వర్గం ఉంది. అంటే సంత రోజున దహబోన్‌లో అమ్ముకునే హైతీ మహిళ చట్టబద్ధంగానే అమ్ముకుంటోంది. అదే మహిళ ఆ సాయంత్రం బస్సెక్కి సాంటియాగో నగరానికి వెళ్ళి అక్కడ అవే బట్టలు అమ్మితే నేరస్థురాలైపోతుంది. సరుకూ అదే, కొనేవాళ్ళూ వాళ్ళే, నడుమ ఉన్నదల్లా ఊరి పొలిమేర.

ఈ సంత వల్ల లాభపడేది హైతీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. డొమినికన్ రైతులకూ కోళ్ళ ఫారాలకూ హైతీ చాలా పెద్ద మార్కెట్. 2023 సెప్టెంబరులో మసాక్రే నది మీద హైతీ వైపు తవ్వుతున్న కాలువ విషయంలో గొడవ ముదిరి అధ్యక్షుడు లూయిస్ అబినాదేర్ సరిహద్దు మొత్తం మూసేశారు. అక్టోబరు 11న వాణిజ్యం కోసం గేటు తెరిచినా, ఈసారి హైతీ వైపు వారు తమ గేటు తెరవలేదు. గుడ్లు అమ్ముకునే డొమినికన్ వ్యాపారి, గుడ్లు కొనుక్కునే హైతీ వ్యాపారి చెరో ఒడ్డున నిలబడి నష్టపోయారు.

ఈ పట్టణానికి ఇంకో జ్ఞాపకం ఉంది. 1937 అక్టోబరులో నియంత రఫాయెల్ త్రుహియో సైన్యం సరిహద్దు పొడవునా హైతీయులను వేల సంఖ్యలో నరికి చంపింది. దహబోన్ పరిసరాల్లో ఆ హత్యలు ఘోరంగా జరిగాయి. నదికి మసాక్రే అన్న పేరు అంతకన్నా పాతది. అయినా ఆ తర్వాత ఆ పేరు వింటే ఎవరికైనా గుర్తొచ్చేది 1937 నాటి నెత్తురే. సంత వంతెన మీద సైనికుణ్ణి చూసి ముసలి వ్యాపారి తల దించుకుని నడిస్తే, ఆ భయం వయసు ఎంతో ఊహించుకోవచ్చు.

నాలుగు గోడల మధ్య

రాజధాని సాంటో డొమింగోలో, సాంటియాగోలో మధ్యతరగతి ఇళ్ళలో పనిమనిషి ఉండటం మామూలే. పని రెండు రకాలు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేది ఒకటి. ఆ ఇంట్లోనే పడుకుని, ఆదివారమో పదిహేను రోజులకోసారో బయటికి వచ్చేది రెండోది. పట్టణంలో తల దాచుకునే చోటు లేని హైతీ మహిళకు రెండోది వరంలా కనబడుతుంది. గది అద్దె ఉండదు, కాగితాలు లేనివారిని పట్టుకుని దేశం దాటించే వలస అధికారుల లారీ కంట పడే భయం తక్కువ. బదులుగా పొద్దున కాఫీతో మొదలైన పని రాత్రి చివరి గిన్నె కడిగేదాకా సాగుతుంది.

ఇక్కడ చట్టమే చిన్నచూపు చూసింది. 1992 కార్మిక స్మృతి ఇంటిపనిని మామూలు ఉద్యోగాల నుంచి వేరుచేసి ప్రత్యేక అధ్యాయంలో పెట్టింది. ఆ పనికి నిర్ణీత వేళలు ఉండవని, రెండు పనిదినాల మధ్య తొమ్మిది గంటల విశ్రాంతి ఇస్తే చాలని రాసింది. పెట్టే తిండి, ఇచ్చే పడక కూడా జీతంలో భాగమేనని, నగదు జీతంలో సగం విలువ చేస్తాయని లెక్కకట్టింది. 1999లో ఒక సవరణ వచ్చి సెలవులు, క్రిస్మస్ జీతం కలిపింది. 2015లో దేశం అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంటిపనివారికి మిగతా కార్మికులతో సమాన హక్కులు ఉండాలన్నది దాని సారాంశం. ఇంటిపనివారి సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడి సాధించుకున్న ఫలితం అది. 2022లో మొదటిసారి ఇంటిపనికి కనీస వేతనం ఖరారైంది, నెలకు 10,000 పెసోలు. అప్పటికి అతి చిన్న సంస్థల్లో పనిచేసేవారికి అమలులో ఉన్న కనీస వేతనం 11,900 పెసోలు. అంటే సమానత్వపు తొలి మెట్టే మిగతావారి కింది మెట్టుకన్నా కింద పడింది.

ఆ 10,000 అయినా అడగాలంటే అడిగే మనిషికి భయం ఉండకూడదు. పౌరురాలైన డొమినికన్ పనిమనిషి కార్మిక శాఖ మెట్లెక్కగలదు. ఆమె చేతిలో సెదులా అనే గుర్తింపు కార్డు ఉంది. హైతీ మహిళకు అది లేదు. జీతం ఎగ్గొట్టినా, చేయి చేసుకున్నా, అర్ధరాత్రి గెంటేసినా ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళే దారిలోనే ఆమెను లారీ ఎక్కించవచ్చు. ఈ సంగతి ఇంటి యజమానురాలికి తెలుసు. నోరు తెరిచి బెదిరించాల్సిన అవసరం కూడా లేదు.

వేదనతో కూడిన ఇంకో నిజం ఉంది. 1990ల మొదట్లో డొమినికన్ ఆడవాళ్ళే వేలాదిగా స్పెయిన్‌కు ఇంటిపనికి వెళ్ళారు. నైరుతిలోని బరహోనా రాష్ట్రంలో విసెంతె నోబ్లె అనే చిన్న ఊరి నుంచి వెళ్ళినవారు చాలామంది. ఆ ఊరి లుక్రేసియా పేరెస్‌ను 1992 నవంబరు 13న మాడ్రిడ్ శివారు అరవాకాలో, వలసదారులు తలదాచుకున్న పాడుబడ్డ డిస్కోలోకి చొరబడి ముష్కరులు కాల్చి చంపారు. నల్లగా ఉండటం, విదేశీయురాలు కావడం, పేదరాలు కావడం, అంతకుమించి ఆమె చేసిన తప్పు లేదు. స్పెయిన్ అంతా ఆ హత్యకు కదిలిపోయింది. మాడ్రిడ్‌లో డొమినికన్ మహిళ ఇంకొకరి ఇల్లు ఊడుస్తుంటే, ఆమె దేశంలో ఇళ్ళు ఊడవడానికి హైతీ మహిళ వచ్చింది. తన కూతురు పరాయి గడ్డ మీద పడ్డ పాట్లు తెలిసిన దేశం తన ఇంటి పనిమనిషి విషయంలో ఇంకాస్త మెత్తగా ఉండాల్సింది.

కాగితం ఎందుకు దొరకదు

కాగితాలు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు. ఆ కాగితం చరిత్ర చూడాలి. 2017 నాటి జాతీయ వలసదారుల సర్వేలో విదేశాల్లో పుట్టినవారు 5 లక్షల 71 వేల మంది తేలారు. అందులో 4 లక్షల 98 వేల మంది హైతీలో పుట్టినవారే. వీళ్ళకు పుట్టిన పిల్లల సంగతి అంతకన్నా పెద్ద వివాదం. 2013 సెప్టెంబరు 23న రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. 1929 తర్వాత అనుమతి లేని విదేశీ తల్లిదండ్రులకు దేశంలో పుట్టినవారికి పౌరసత్వం వర్తించదని, అప్పటికే ఇచ్చిన పత్రాలను కూడా తిరగదోడాలని దాని సారం. ఆ కేసు వేసినది 1984లో ఆ దేశంలోనే పుట్టి, అక్కడే ఇంటిపని చేసుకుని బతుకుతున్న ఒక మహిళ. ఓటు వేయడానికీ, ఉద్యోగానికీ, బ్యాంకు ఖాతాకూ అవసరమైన సెదులా కోసం వెళ్తే ఆమె దగ్గరున్న జనన పత్రాన్ని అధికారులు లాగేసుకున్నారు. తీర్పు మీద ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక 2014 మేలో 169-14 చట్టం తెచ్చి కొందరికి పత్రాలు తిరిగిచ్చారు. చాలామంది ఇంకా ఎటూ కాకుండా మిగిలారు.

ఆ వెంటనే వలసదారుల క్రమబద్ధీకరణ పథకం పెట్టారు. 2015 జూన్ నాటికి 2 లక్షల 88 వేల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. తెల్లవారకముందే వరుసల్లో నిలబడ్డ ఆ జనాన్ని చూస్తే కాగితం మీద వాళ్ళకున్న ఆశ ఎంతో తెలుస్తుంది. కానీ దరఖాస్తుకు హైతీ పాస్‌పోర్టో జనన పత్రమో కావాలి. హైతీ ప్రభుత్వం వాటిని సకాలంలో ఇవ్వలేకపోయింది. పని చేస్తున్నట్టు రుజువు కావాలి. చెరకు తోటకు పట్టీ ఉంటుంది, ఇంటిపనికి యజమానురాలు రాసిచ్చే ఉత్తరమే రుజువు. ఉత్తరం రాసిస్తే తనకు బాధ్యత చుట్టుకుంటుందని వెనకాడేవాళ్ళు ఎక్కువ. బజారులో అమ్ముకునే ఆమెకు ఉత్తరం రాసిచ్చేవాళ్ళే లేరు. పథకంలో ఆడవాళ్ళు చిక్కుపడింది ఇక్కడే.

కార్డు వచ్చినవారికి కూడా అది తాత్కాలికమే, గడువు తీరగానే మళ్ళీ మొదటికొస్తారు. చట్టబద్ధంగా కొత్తగా రావాలన్నా దారి మూసుకుపోయింది. కాలువ గొడవ సమయంలో, 2023 సెప్టెంబరులోనే, హైతీయులకు వీసాలు ఇవ్వడం నిలిపివేశారు.

ప్రభుత్వం తలచుకుంటే దారి వేయగలదనడానికి రుజువు కూడా అక్కడే ఉంది. 2021 జనవరిలో వెనిజులా వారి కోసం ఒక పథకం ప్రకటించారు. 2014 నుంచి 2020 మార్చి మధ్య చట్టబద్ధంగా దేశంలోకి వచ్చి ఆ తర్వాత గడువు మీరినవారు ముందు బస గడువు పెంచుకుని, తర్వాత వీసా, ఆపైన పని కార్డు తీసుకోవచ్చు. నలభై వేలకు పైగా నమోదయ్యారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఇప్పుడు దుకాణాల్లో, కాల్ సెంటర్లలో, పార్లర్లలో పేరు చెప్పుకుని పనిచేస్తున్నారు. డిగ్రీకి గుర్తింపు దొరకక తక్కువ పనికి ఒప్పుకున్న ఉపాధ్యాయురాళ్ళు, నర్సులు ఉన్నారు, అది వేరే బాధ. కానీ సైరన్ వినబడితే పరుగెత్తాల్సిన పని వాళ్ళకు లేదు. ఇది మంచి పథకం, మనసారా మెచ్చుకోదగ్గది. పదింతలకు పైగా ఉన్న హైతీయులకు అలాంటిది ఎందుకు లేదన్న ప్రశ్నకు మాత్రం నాకు ఒప్పుకోదగిన జవాబు కనబడలేదు.

లారీ, ఆసుపత్రి

వలస అధికారుల పెద్ద లారీని జనం లా కామియోనా అంటారు. పక్కలకు కమ్మీలు ఉంటాయి. 2024 అక్టోబరు 2న ప్రభుత్వం వారానికి 10,000 మంది దాకా వెనక్కు పంపుతామని ప్రకటించింది. ఆ ఏడాది మొత్తం మీద 2 లక్షల 70 వేలకు పైగా మందిని పంపించారు. విమానాశ్రయంలో రుసుము కట్టి వెళ్ళిపోయే పర్యాటకురాలి సంగతి పైన చెప్పాను కదా. గడువు దాటిన హైతీ మహిళకు దొరికేది ఈ లారీ. వీధిలో రంగు చూసి ఆపుతున్నారని, కార్డు చూపించే వ్యవధి కూడా ఇవ్వడం లేదని మానవ హక్కుల సంస్థలు చాలాసార్లు చెప్పాయి. సాంటియాగోలో వైద్యం చదువుకునే హైతీ విద్యార్థినులున్నారు. సొంత వ్యాపారం ఉన్న హైతీ మహిళలున్నారు. 2021 జూలైలో హైతీ అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్ హత్య తర్వాత ఇల్లు వదిలి వచ్చిన స్థితిమంతుల కుటుంబాలున్నాయి. వాళ్ళకు కూడా బయటికి వెళ్ళేటప్పుడు కార్డు ఇంట్లో మరిచిపోయే స్వేచ్ఛ లేదు.

2025 ఏప్రిల్ 21 నుంచి 33 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. విదేశీ రోగి గుర్తింపు పత్రం, పని ఒప్పందం, నివాస రుజువు చూపాలి. లేకపోతే వైద్యం చేసి, ఆ తర్వాత వెనక్కు పంపుతారు. మొదటి రోజునే 130 మందికి పైగా మహిళలను, పిల్లలను అదుపులోకి తీసుకున్నారు. వారిలో నిండు గర్భిణులు, అప్పుడే ప్రసవించినవారు ఉన్నారు. పచ్చి బాలింతను లారీ ఎక్కించే చట్టాన్ని ఏ వాదనతోనూ సమర్థించలేం. పని ఒప్పందం కాగితం మీద రాసివ్వని ఇంటి యజమానురాలు, ఆ కాగితం అడిగే ఆసుపత్రి, రెండూ ఒకే వ్యవస్థలోవే.

డొమినికన్ల వాదన కూడా వినాలి. పొరుగు దేశ రాజధాని చాలామటుకు ముఠాల చేతిలో ఉంది. ప్రపంచ దేశాలు హైతీ గురించి తీర్మానాలు చేస్తాయి, బరువు మాత్రం పక్కింటి మీద పడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవాల్లో ఇటీవలి కాలంలో మూడో వంతు దాకా హైతీ తల్లులవే. ఆ పడక ఖర్చును భరించేది డొమినికన్ పేదవాడు వాడుకునే ఆసుపత్రే. ఈ ఫిర్యాదులో నిజం ఉంది. కానీ ఆ తల్లి ఇన్నేళ్ళు ఎవరి ఇంట్లో పనిచేసిందో ఆ ఇంటి నుంచి ఆమె పేరున ఆరోగ్య బీమా చందా ఎన్నడూ కట్టలేదు. కాగితం లేని మనిషిని సామాజిక భద్రతలో నమోదు చేయడానికి వీల్లేదు. చందా కట్టనివ్వకుండా ఆపి, చందా కట్టలేదని నిందించడం న్యాయం కాదు.

విదేశీ మహిళల శ్రమ ఆ దేశపు రుచుల్లో కూడా ఇంకిపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర సెయింట్ కిట్స్, నెవిస్, టోర్టోలా వంటి ఇంగ్లీషు దీవుల నుంచి చెరకు మిల్లుల పనికి వచ్చినవారు సాన్ పెద్రో దె మకోరీస్‌లో స్థిరపడ్డారు. స్థానికులు వాళ్ళను మొదట్లో చిన్నచూపుతో కొకోలోలు అని పిలిచారు. వాళ్ళతోపాటు వచ్చిన యనికేకె, అంటే నూనెలో వేయించిన పిండి రొట్టె, ఇవాళ బోకా చికా బీచిలో డొమినికన్ తిండిగానే అమ్ముడవుతోంది. ఒకప్పుడు చిన్నచూపు చూసిన కొకోలోల నాట్య సంప్రదాయాన్ని యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

అదే బీచిలో ఇప్పుడు పర్యాటకుల జుట్టు అల్లుతున్న హైతీ మహిళకు అక్కరకొచ్చే వాక్యం ఒకటి కార్మిక స్మృతిలో మొదటి నుంచీ ఉంది. స్మృతి మూలసూత్రాల్లో నాలుగోది, కార్మిక చట్టాలు డొమినికన్లకూ విదేశీయులకూ తేడా లేకుండా వర్తిస్తాయని చెబుతుంది. కొత్త చట్టం రాయాల్సిన పని లేదు. కార్మిక శాఖ దగ్గర జీతం బకాయి ఫిర్యాదు ఇచ్చిన మనిషి వివరాలు వలస శాఖకు చేరవని హామీ ఇవ్వడం, ఇంటిపనికి రాతపూర్వక ఒప్పందం యజమాని బాధ్యత చేయడం, ఆ ఒప్పందాన్నే పని కార్డుకు ఆధారంగా ఒప్పుకోవడం, ఈ మూడూ ప్రభుత్వం తలచుకుంటే చేయగలిగినవే. వెనిజులా వారి కోసం కార్డులు ముద్రించిన కార్యాలయమే వీటినీ ముద్రించగలదు.